ఎనిమిది ఎలక్ట్రోడ్ల టోపీ, 36 గడుల పలక: మాట పోయిన మనిషికి పీ300 స్పెల్లర్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

కాళ్లు, చేతులు, మాట అన్నీ పడిపోయి తెలివి మాత్రం చెక్కుచెదరకుండా ఉన్న మనిషి ఇంట్లో ఉంటే, మెదడుతో టైప్ చేసే వీడియో ఒకటి ఎప్పుడో ఒకప్పుడు వాట్సాప్‌లో రాక మానదు. ఆ వెంటనే ఇంట్లో అడిగే ప్రశ్న: ఇది కొంటే మనవాళ్లు మాట్లాడతారా? ఈ సమీక్ష ఆ ప్రశ్న కోసమే. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు మామూలు ఇళ్లలో, మామూలు కరెంటు మీద, తెలుగులో వాడాలంటే ఎట్లుంటుందో చూద్దాం. తీసుకున్న వస్తువు ఆపరేషన్ అక్కర్లేని, నెత్తికి పెట్టుకునే ఎనిమిది చానళ్ల (ఎలక్ట్రోడ్‌కు ఒకటి) ఈఈజీ టోపీ, అంటే మెదడు విద్యుత్ అలలను పట్టే టోపీ, దానితో నడిచే పీ300 స్పెల్లర్, అంటే తెర మీద మెరిసే అక్షరాల పలక. జీటెక్ యూనికార్న్ హైబ్రిడ్ బ్లాక్, ఓపెన్‌బీసీఐ సైటన్ బోర్డు ఈ తరగతివే. రెండింటికీ ఎనిమిది చానళ్లు, సెకనుకు 250 కొలతలు. కింద చెప్పే ఇబ్బందులు ఏదో ఒక కంపెనీవి కావు, ఈ పద్ధతికే ఉన్నవి.

తీర్పు ముందే చెబుతాం. ఇది పనిచేస్తుంది. కానీ ఇది సరిపోయే మనుషులు చాలా తక్కువ, ఆ తక్కువమందిలో మీవాళ్లు ఉన్నారో లేదో డబ్బు కట్టకముందే తేలుతుంది.

తేల్చేది కళ్లు. కండరాలను కదిలించే నరాలు చచ్చుబడే మోటార్ న్యూరాన్ జబ్బులో చేతులు, నాలుక పోయినా కంటి కదలికలు చాలాకాలం నిలుస్తాయి. వాళ్లకు ముందు ఇవ్వాల్సింది చూపును పట్టే కెమెరా, అంటే ఐ ట్రాకర్. అది టోపీకంటే వేగం, జెల్ పూసే పని లేదు. మెదడు కాండానికి పక్షవాతం వచ్చి అంతా బిగుసుకుపోయినవారి సంగతి వేరు. వాళ్లకు సాధారణంగా చూపు పైకి, కిందికి మాత్రమే కదులుతుంది, రెప్ప ఆడుతుంది, పక్కలకు తిరగదు. ఎడమకు, కుడికి చూసి ఎంచుకునే ఫోన్ యాప్‌లు వాళ్ల చేతిలో పనిచేయవు. దాన్ని చూసి ‘మనిషికి తెలివి లేదు’ అనుకునే ప్రమాదం ఉంది. ‘పైకి చూస్తే అవును, కిందికి చూస్తే కాదు’ అని ఒప్పందం పెట్టుకుని, జవాబు మీకు ఖాయంగా తెలిసిన ప్రశ్నలు పది అడగండి. ‘మన ఊరు నకిరేకలా?’, ‘నీకు ఇద్దరు కొడుకులా?’ లాంటివి. అవును, కాదు రెండూ కలగలిపి రావాలి. పదికి తొమ్మిది సరిగ్గా వస్తే అప్పుడు పలక గురించి ఆలోచించవచ్చు.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన ఇంకో మాట. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరోసిస్‌తో వెన్నుపాము నొక్కుకుపోయి మంచం పట్టినవారికి చేతులు, కాళ్లు పోతాయి గానీ మాట ఉంటుంది. వాళ్లకు ఈ టోపీ అసలు అక్కర్లేదు. ఫోన్‌ను నోటిమాటతో నడిపించే పద్ధతి చాలు. ఈ తేడా చెప్పకుండా టోపీ అమ్మజూపేవారి దగ్గర కొనకండి.

మరి ఇది ఎవరికి? చూపును ఒకచోట నిలపగలరు, కానీ రెప్పలు వాలిపోవడం, కనుగుడ్లు అదురుతుండటం, మందపాటి కళ్లద్దాలు, త్వరగా అలసిపోవడం వంటి కారణాలతో ఐ ట్రాకర్ వాళ్ల చూపును పట్టుకోలేకపోతోంది. అట్లాంటివారికి. చూపు బొత్తిగా నిలవనివారికి తెర మీద మెరిసే పలక కూడా సరిగ్గా పనిచేయదు. మనసు పెడితే చాలు, చూడక్కర్లేదు అని ప్రచారం ఉంది గానీ, చూపు అక్షరం మీద నిలవనప్పుడు కచ్చితత్వం బాగా పడిపోతుందని 2010లోనే పరిశోధనలు తేల్చాయి. చూపు పోయినవారికి చెవి ద్వారా నడిచే పద్ధతి ఉంది, అది ఇంకా నిదానం. మూర్ఛ (ఫిట్స్) వచ్చిన చరిత్ర ఉంటే మెరిసే తెర ముందు కూర్చోబెట్టే ముందు న్యూరాలజిస్టును అడగాల్సిందే.

ఇక పనితీరు. 1988లో ఫార్వెల్, డాన్చిన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన పద్ధతే ఇప్పటికీ వాడుతున్నారు. తెర మీద ఆరు అడ్డ వరుసలు, ఆరు నిలువు వరుసలు. ఒక్కో వరుస తడవకొకటిగా మెరుస్తుంది. మనిషి తనకు కావాల్సిన అక్షరాన్ని చూస్తూ అది మెరిసినప్పుడల్లా మనసులో లెక్కపెడతాడు. ఎదురుచూసిన వరుస మెరిసిన దాదాపు 300 మిల్లీసెకన్ల తర్వాత మెదడులో చిన్న విద్యుత్ అల లేస్తుంది. ఏ అడ్డ వరుసకు, ఏ నిలువు వరుసకు ఆ అల లేచిందో కలిపి చూస్తే అక్షరం దొరుకుతుంది. ఈ అల కొన్ని మైక్రోవోల్టులే. దాని చుట్టూ ఉండే మామూలు మెదడు తరంగాలు అంతకు ఎన్నో రెట్లు పెద్దవి. అందుకే ఒక్కసారి మెరిస్తే తెలియదు, పదేసి సార్లు మెరిపించి సగటు తీయాలి.

ఆ సగటుకు పట్టే సమయాన్ని అమ్మేవాళ్లు చెప్పరు, మనమే వేసుకోవాలి. ఒక మెరుపుకు 0.175 సెకన్లు పెట్టుకుంటే 12 వరుసలకు 2.1 సెకన్లు. పది చుట్లకు 21. మధ్యలో ఊపిరి తీసుకునే విరామం 4 సెకన్లు. ఒక్క అక్షరానికి 25 సెకన్లు. ‘నీళ్లు’ అని రాయడానికి న, ఈ, ళ, ఒత్తు, ల, ఉ అని ఆరు ఎంపికలు. ఒక్క తప్పూ లేకపోతే రెండున్నర నిమిషాలు. తప్పు పడితే దాన్ని చెరపడానికి ఒక ఎంపిక, మళ్లీ రాయడానికి ఇంకో ఎంపిక, ఆ రెండింటిలోనూ మళ్లీ తప్పు పడొచ్చు. ఆ లెక్కన పదికి తొమ్మిది సరిగ్గా పడితే ‘నీళ్లు’కు మూడు నిమిషాలు. పదికి ఏడే సరిగ్గా పడితే ఆరు నిమిషాల పైన. పదికి ఐదు పడితే ఆ మాట ఎన్నటికీ పూర్తికాదు, చెరపడం, రాయడం సరిసమానమై అక్కడక్కడే తిరుగుతుంది. 70 శాతం దాటితేనే మాట్లాడుకోవడానికి పనికొస్తుందని ఈ రంగంలో గీసుకున్న గీతకు అర్థం ఇదే.

కాబట్టి మొదటి పలక అక్షరాలది కాకూడదు, మాటలది కావాలి. నాలుగు అడ్డం, నాలుగు నిలువు, 16 గడులు. చుట్టుకు ఎనిమిది మెరుపులే కాబట్టి ఒక ఎంపికకు 18 సెకన్లు. గడులు తగ్గినకొద్దీ కోరుకున్న వరుస తరచుగా మెరుస్తుంది. అరుదు అనే గుణం తగ్గి అల కొంచెం చిన్నదవుతుంది, అందుకే 16 కంటే కిందికి పోవద్దు. గడుల్లో మాటలు మనిషి ఎట్ల మాట్లాడేవారో అట్లనే ఉండాలి. ‘దాహం’ కాదు, ‘దూపైతుంది’. ‘కఫం తీయండి’ కాదు, ‘తెమడ తియ్యి’. ‘ఒంటికి’, ‘రెంటికి’, ‘పక్కకు తిప్పు’, ‘వీపు గోకు’, ‘ఉక్కపోస్తుంది’, ‘సలి’, ‘దీపం ఆర్పు’, ‘నొప్పి’, ‘అవును’, ‘కాదు’, ‘అక్షరాలు’, ‘చాలు’. మిగిలిన రెండు గడులు ఆ మనిషినే అడిగి నింపండి. మనవరాలి పేరో, మైసమ్మ గుడో, పత్తి రేటో, వాళ్లకు కావాల్సింది వాళ్లకే తెలుసు. ‘ఊపిరాడట్లేదు’ అనే మాటను మాత్రం ఈ పలక మీద ఆధారపడేట్టు పెట్టకండి. 18 సెకన్లు ఆగే అవసరం కాదది. దానికి రెప్ప సైగ వేరుగా ఉండాలి, పక్కన ఒక మనిషి ఉండాలి.

తెలుగు అక్షరాల పలక దగ్గర ఈ సాఫ్ట్‌వేర్లన్నీ చేతులెత్తేస్తాయి. 36 గడులు ఇంగ్లిష్ 26 అక్షరాలకు, పది అంకెలకు కొలిచి కుట్టినవి. మన వర్ణమాల అందులో ఇమడదు. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాయించడం ఫోన్ అలవాటున్న పిల్లలకు సరే, అరవై ఏళ్ల రైతుకు కాదు. ఇమిడే పద్ధతి ఒకటుంది. హల్లులు 21: క, గ, చ, జ, ట, డ, ణ, త, ద, న, ప, బ, మ, య, ర, ల, వ, శ, స, హ, ళ. అచ్చులు 10: అ, ఆ, ఇ, ఈ, ఉ, ఊ, ఎ, ఏ, ఒ, ఓ. హల్లు తర్వాత వస్తే అదే గుడి, కొమ్ము, ఎత్వం అవుతుంది, గుణింతానికి వేరే గడి అక్కర్లేదు. సున్నా ఒకటి, ఒత్తు ఒకటి. ఖాళీ, చెరుపు, పలుకు మూడు. మొత్తం సరిగ్గా 36. ఖ, ఘ, భ లాంటి వత్తక్షరాలు లేవు కదా అంటే, ‘బయం’ అని రాస్తే ఇంట్లో ఎవరికైనా భయం అనే తెలుస్తుంది. ష లేదు, ఐ లేదు, శ, అయ్ సర్దుకుంటాయి.

గడులను బడిలో చదివిన వరుసలోనే పేర్చండి. అక్షరం ఎక్కడుందో వెతికే శ్రమ తగ్గుతుంది. కొన్ని ఉచిత సాఫ్ట్‌వేర్లలో తెలుగు అక్షరం గుణింతంతో కలవక విడివిడిగా కనబడితే ఆ గడిలో అక్షరానికి బదులు దాని బొమ్మను పెట్టుకోవాలి. ఓపెన్‌వైబ్, బీసీఐ2000 రెండూ ఉచితంగా దొరుకుతాయి గానీ వీటిని మార్చడానికి కంప్యూటర్ తెలిసిన పిల్లాడు ఒకడు వారం రోజులు కూర్చోవాలి. టోపీ ధర చూసేటప్పుడు ఈ వారాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక అసలు కష్టమంతా టోపీ తొడగడంలో ఉంది, అందులోనూ మొదటి శత్రువు కొబ్బరినూనె. నూనె పెట్టిన తల మీద ఎలక్ట్రోడ్‌కు, చర్మానికి మధ్య పొర నిలుస్తుంది, సంకేతం రాదు. ముందురోజు రాత్రి షాంపూతోనో కుంకుడు రసంతోనో తలస్నానం చేయించి, ఆరబెట్టి, నూనె రాయకుండా వదిలేయాలి. పొద్దున దర్జీ టేపుతో ముక్కు మొదలయ్యే గుంట నుంచి తల వెనక తగిలే ఎముక బుడిపె దాకా నడినెత్తి మీదుగా కొలవాలి. 36 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, సగం దగ్గర, 18 మీద, సీజడ్ అనే నడినెత్తి ఎలక్ట్రోడ్ రావాలి. రెండు చెవుల మధ్య అడ్డంగా కొలిచినా అదే సగం కావాలి. మిగతా ఎలక్ట్రోడ్లలో ఎఫ్‌జడ్ ముక్కు గుంట నుంచి 10.8, పీజడ్ బుడిపె నుంచి 10.8, ఓజడ్ బుడిపెకు 3.6 సెంటీమీటర్ల పైన. పీఓ7, పీఓ8 వెనక ఇరుపక్కలా. నడినెత్తి రెండు సెంటీమీటర్లు పక్కకు జరిగితే మిగతావన్నీ జరుగుతాయి, సాఫ్ట్‌వేర్‌కు నిన్న నేర్పిన లెక్క ఈరోజు పనికిరాదు. టోపీని రోజూ ఒకేచోట కూర్చోబెట్టాలంటే ఈ కొలత రోజూ తీయాల్సిందే.

టోపీని జెల్ లేకుండా పొడిగా పెట్టవచ్చని పెట్టె మీద రాసి ఉంటుంది. బోడి తల మీద, కదలని ఆరోగ్యవంతుడి మీద అది నిజమే. ఒత్తు జుట్టున్నవారికి జెల్ వేయక తప్పదు. మొన కొట్టేసిన సూది సిరంజితో జుట్టు పాయ తీసి, చర్మాన్ని మెల్లగా రుద్ది, కొద్దిగా జెల్ వేయాలి. ఎక్కువైతే పక్క ఎలక్ట్రోడ్ దాకా పాకుతుంది, రెండూ ఒకే సంకేతం చూపిస్తాయి. తెర మీద రెండు గీతలు అచ్చం ఒకేలా కదులుతుంటే కారణం అదే. తుడిచి మళ్లీ వేయాలి. రెండు చెవుల వెనక ఎముక మీద అంటించే స్టిక్కర్ల కింద చర్మాన్ని స్పిరిట్ దూదితో తుడిచి, ఆరాకే అంటించాలి. ఎనిమిది చానళ్లూ పాడుగా వస్తున్నాయంటే తప్పు ఎనిమిదింటిలో లేదు, ఈ స్టిక్కర్లలోనే ఉంటుంది. కొత్తగా తొడిగేవారికి అరగంట, చేయి తిరిగాక పావుగంట. తీశాక గోరువెచ్చని నీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్‌తో జెల్ అంతా కడగాలి. ఎండిన జెల్ పెంకు కడితే మర్నాడు ఆ ఎలక్ట్రోడ్ మూగబోతుంది. వైర్ల జాయింట్లకు నీళ్లు తగలనీయకండి.

కరెంటు సంగతి. మన లైను 50 హెర్ట్జ్. అమెరికా కోసం చేసిన సాఫ్ట్‌వేర్లలో కరెంటు అలజడిని తీసేసే ఫిల్టర్ 60 మీద ఉండొచ్చు. మొదటిరోజు మార్చాల్సిన సెట్టింగ్ అదొక్కటే. మన ఊళ్లలో చాలా ఇళ్లకు ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. లాప్‌టాప్‌ను చార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపండి. ఇన్వర్టర్ మంచానికి ఆనుకుని ఉంటే గది అవతలికి మార్చండి. గాలి పరుపు పంపు, పక్కనే ఉన్న కూలర్ మోటారు కూడా గీతల్ని చెడగొడతాయి. ఏది చెడగొడుతోందో ఒక్కొక్కటి ఆపి చూస్తే నిమిషంలో దొరుకుతుంది. ఊపిరి యంత్రాన్ని మాత్రం ఈ పరీక్ష కోసం ఆపకండి. బైప్యాప్ అనే ఊపిరి యంత్రం మాస్క్ పట్టీలు వెనక ఎలక్ట్రోడ్ల మీదుగానే పోతాయి. పట్టీ జరిపి టోపీ పెట్టడం కాదు, పట్టీకి అడ్డంలేని ఎలక్ట్రోడ్లతోనే సరిపెట్టుకోవాలి. పలక నాలుగు తప్పులు ఎక్కువ చేసినా ఫర్వాలేదు, మాస్క్‌లోంచి గాలి కారకూడదు.

ఎండాకాలం ఇంకో బాధ. మే నెలలో నల్లగొండ ఎండకు చెమట పడితే గీతలు నిదానంగా పైకి, కిందికి తేలుతుంటాయి, స్టిక్కర్లు ఊడుతాయి. కూలర్ గాలి నేరుగా తగిలితే వైర్లు ఊగి ఇంకో రకం అలజడి. ఏసీ ఉంటే సరే, లేకపోతే పొద్దున 6 నుంచి 8 లోపల ముగించడమే మార్గం. మనిషి కూడా అప్పుడే తేటగా ఉంటారు.

పడుకున్న మనిషికి వెనక మూడు ఎలక్ట్రోడ్లు దిండులో నొక్కుకుంటాయి. సంకేతం చెడటం చిన్న విషయం, కదల్లేని మనిషి తల వెనక పుండు పడటం పెద్ద విషయం. బిందె మోసేటప్పుడు నెత్తిన పెట్టుకునే చుట్టబట్టలా మెత్తటి గుడ్డను పెద్దగా చుట్టి, తల వెనక భాగం ఆ గుంతలోకి వచ్చేట్టు పెడితే ఎలక్ట్రోడ్లు గాలిలో ఉంటాయి. అయినా 30 నిమిషాలకు ఒకసారి టోపీ ఎత్తి చర్మం ఎర్రబడిందేమో చూడాలి. 45 నిమిషాలు మించి వాడొద్దు. తెర కళ్లకు 60, 70 సెంటీమీటర్ల దూరంలో, పడుకున్నవారికి ఎదురుగా వంచి ఉండాలి.

నేర్పే భాగం తేలిక. తెర చెప్పిన ఐదారు అక్షరాలను మనిషి చూస్తూ మెరుపులు లెక్కపెడితే, సాఫ్ట్‌వేర్ ఆ మనిషి అల రూపాన్ని నేర్చుకుంటుంది. పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు గదిలో ఎవరూ మాట్లాడొద్దు, ఫోన్లు మోగొద్దు, విండోస్ అప్‌డేట్ నడవొద్దు. మెరుపుకు, కొలతకు మధ్య సమయం అటూ ఇటూ అయితే 300 మిల్లీసెకన్ల లెక్కంతా తప్పుతుంది. తర్వాత పడే తప్పులను గమనించండి. పక్క గడి పడుతుంటే చూపు జారుతోందని, విరామం పెంచాలి. ఎక్కడో సంబంధంలేని గడి పడుతుంటే సంకేతమే రావడం లేదని, చెవి వెనక స్టిక్కర్ల నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. అన్నిటికంటే హానిచేసేది పక్కనున్నవారి తొందర. రెండక్షరాలు పడగానే ‘నీళ్లా?’ అని మనమే పూర్తిచేస్తే అది వాళ్ల మాట కాదు, మన మాట. చివరిదాకా ఆగి, రాసింది చదివి వినిపించి, రెప్పతో ‘అవును’ తీసుకోవాలి.

వీడియోల్లో గబగబా మాట్లాడేవన్నీ ఈ టోపీలు కావు, తల లోపల అమర్చినవి. 2023లో స్టాన్‌ఫర్డ్ బృందం నిమిషానికి 62 మాటలు, శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 78 మాటలు సాధించాయి. 2024లో డేవిస్ బృందం మెదడులో 256 ఎలక్ట్రోడ్లు పెట్టి ఏఎల్ఎస్ (మోటార్ న్యూరాన్ జబ్బులో ఒక రకం) ఉన్న మనిషి మాటలను 97 శాతం కచ్చితంగా తెర మీదికి తెచ్చింది. గొప్ప పనులే. అయితే అవన్నీ క్లినికల్ ట్రయల్స్‌లో భాగంగా అమర్చినవి, ఇంగ్లిష్ ధ్వనుల మీద, ఇంగ్లిష్ మాటల మీద తర్ఫీదిచ్చినవి. ఆ వేగాన్ని చూసి ఈ టోపీ కొంటే నిరాశ తప్పదు.

టోపీ, జెల్, దిగుమతి సుంకం, లాప్‌టాప్ కలిపితే లక్ష దాటుతుంది. ఈ తరహా టోపీలను అమ్మేది ప్రయోగాల కోసం, వైద్య పరికరంగా కాదు. మంచం దగ్గర వచ్చి బాగుచేసే మనిషి జిల్లాలో దొరకడు. మా మార్కులు: పద్ధతికి 5కి 4, ఇంట్లో వాడకానికి 5కి 2, తెలుగుకు 5కి 1. డబ్బు కట్టేముందు నిమ్స్ న్యూరాలజీలో కంటి కదలికలు, తెలివి పరీక్ష చేయించండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ మాట, వినికిడి లోపాల సంస్థ కేంద్రంలో స్పీచ్ థెరపిస్టును కలిసి పలక పద్ధతులు నేర్చుకోండి. కొన్ని వందల రూపాయల పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద పైన చెప్పిన అక్షరాలే రాసి, ‘క వరుసా? త వరుసా?’ అని చదువుతూ పోతే, రెప్పపాటుతో అక్షరం దొరుకుతుంది. అలవాటైన ఇద్దరి మధ్య ఇది టోపీకంటే నిదానమేమీ కాదు, కరెంటు పోయినా ఆగదు.

అయినా టోపీయే కావాలంటే, అమ్మేవారిని మీ ఇంటికే రమ్మని, మీవాళ్ల తల మీదే మూడు రోజులు పెట్టి చూపించమనండి. వాళ్ల ఆఫీసులో, వాళ్ల కుర్రాడి తల మీద చూపించేది లెక్కలోకి రాదు. కొన్న తర్వాత ప్రతి పూట ఎన్ని ఎంపికలు, ఎన్ని సరి అని నోట్‌బుక్‌లో రాయండి. పది పూటలు గడిచినా 70 శాతం దాటకపోతే టోపీ పక్కన పెట్టండి. దాటినా సరే, ప్లాస్టిక్ పలక మాత్రం మంచం పక్కన మేకుకు వేలాడుతూనే ఉండాలి. టోపీ రోజుకు 45 నిమిషాలే, మిగతా పొద్దంతా ఆ పలక మీదే గడవాలి.